పాత అపలాచియన్ ఫిడేలు, బాంజో: ఏ రికార్డింగులతో మొదలుపెట్టాలి?

అమెరికా తూర్పున వర్జీనియా, నార్త్ కరోలినా, టెనెసీ, కెంటకీ, వెస్ట్ వర్జీనియాల మీదుగా అపలాచియన్ కొండలు సాగుతాయి. అక్కడి ఊళ్లలో ఒక ఫిడేలు, ఒక బాంజో (గుండ్రటి చట్రానికి తోలు బిగించిన తీగల వాయిద్యం) కలిపి వాయించే పాతకాలపు సంగీతాన్ని ఓల్డ్ టైమ్ అంటారు. దాని పాత రికార్డింగులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి, చాలావరకు ఉచితంగానే. చిక్కంతా అక్కడే. ఆసక్తి పుట్టి వెతికినవాళ్లకు ముందుగా ఏదో 1920ల నాటి రికార్డు తగులుతుంది. గరగర మధ్య ఎవరో హడావుడిగా వాయించి మూడు నిమిషాల్లో ముగించేస్తారు. ఇదేనా అనుకుని వదిలేస్తారు.

ఎంచుకునేటప్పుడు చాలామంది రికార్డింగు ఎంత స్పష్టంగా ఉందో చూస్తారు. నేనైతే, ఆ రోజు ఆ మనిషి ఎవరి కోసం వాయించాడో ముందు చూడమంటాను. కంపెనీ కోసమా, ప్రభుత్వ గ్రంథాలయం కోసమా, ఇంట్లోవాళ్ల కోసమా, నేర్చుకోవడానికి వచ్చిన కుర్రకారు కోసమా? వేగం, నిడివి, పాట ఉండటం లేకపోవడం, చివరికి ఏ వరస వాయించాలన్నది కూడా దీన్ని బట్టే మారిపోయేవి.

ముందు చెవికి కొంచెం పని

ఈ సంగీతంలో ఒక్కో వరసకు మామూలుగా రెండు భాగాలుంటాయి. ఒకటి కింది స్థాయిలో, ఇంకొకటి పై స్థాయిలో. ఒక్కో భాగం రెండేసి సార్లు వాయించి మళ్లీ మొదటికి వస్తారు. డాన్సు ఆగేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టమైన బ్లూగ్రాస్ సంగీతం వినే అలవాటున్నవాళ్లు ఎవరి సోలో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. ఇక్కడ రాదు. బ్లూగ్రాస్ తర్వాతి కాలానిది. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ తన మూడువేళ్ల బాంజోతో బిల్ మన్రో బృందంలో చేరాకే దానికి ఇప్పుడు మనం వినే రూపం వచ్చింది. ఓల్డ్ టైమ్‌లో ఫిడేలు, బాంజో రెండూ ఒకే వరసను పక్కపక్కనే వాయిస్తాయి. తేడాలన్నీ కమాను విసురులో, బాంజో దరువులో ఉంటాయి. బాంజో మీద ఐదో తీగ పొట్టిది. దాన్ని బొటనవేలితో మీటుతూ, మిగతా తీగల మీద గోరు వెనకభాగంతో కిందికి కొడతారు. క్లాహామర్ అనే పద్ధతి ఇదే. ఆ పొట్టి తీగ ఒకే స్వరాన్ని పట్టుకుని మోగుతూ ఉంటుంది.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇక్కడ నిజంగానే ఒక దారి ఉంది. మన ఫిడేలును స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. అపలాచియా వాయిద్యగాళ్లు మామూలు పాశ్చాత్య శ్రుతిని వదిలి కింది రెండు తీగలను ఒక్కో స్వరం పైకి బిగించి వాయించే వరసలు బోలెడున్నాయి. అప్పుడు వచ్చేది కూడా అచ్చంగా స-ప-స-ప. ఇంకో శ్రుతిలో తీగలు స-స-ప-స అవుతాయి. వాయిస్తున్న తీగ పక్కనున్న తీగ ఊరికే మోగుతూ ఆధార శ్రుతి ఇవ్వడం కోసమే ఇదంతా. అందుకే తంబురాకు అలవాటైన చెవికి ఇది పరాయిగా ఉండదు.

చెవి తడబడే చోటు గాంధారం, నిషాదం దగ్గర. పాతతరం వాళ్లు ఈ స్వరాలను రెండు రకాలకీ మధ్యలో ఎక్కడో వేస్తారు. అపస్వరం అని కొట్టిపారేయకండి. ప్రతి చుట్టులోనూ అదే చోట అదే స్వరం పడుతోందంటే కావాలని వేసిందే.

కంపెనీల 78 రికార్డులు

1923 జూన్‌లో రాల్ఫ్ పీర్ అనే రికార్డింగు అధికారి అట్లాంటాలో ఓకే అనే రికార్డు కంపెనీ తరఫున ఫిడ్లిన్ జాన్ కార్సన్ చేత వాయించి పాడించాడు. పీర్‌కు అది నచ్చలేదు. అక్కడి ఫర్నిచర్ వ్యాపారి పోల్క్ బ్రాక్‌మన్ మాత్రం 500 ప్రతులు తీసుకుని అమ్మేశాడు. అప్పటి నుంచి కంపెనీలు కొండ ఊళ్ల వాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాయి. 1925లో మైక్రోఫోన్ వచ్చేదాకా పెద్ద హారన్‌లోకి వాయించాల్సి వచ్చేది. కాబట్టి 1925కు ముందు రికార్డులు చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లకే. కొత్తగా వినేవాళ్లు వాటిని తర్వాతకు పెట్టుకోవచ్చు.

ఆ రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, అందుకే వాటిని 78లు అంటారు. ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. అమ్ముడుపోవాలి కాబట్టి పాటో, హాస్యమో, నలుగురు కలిసి చేసే సందడో ఉండాలి. ఈ ఒత్తిడి వల్ల చెడిపోయినవీ ఉన్నాయి, పదునెక్కినవీ ఉన్నాయి. జార్జియాకు చెందిన గిడ్ టానర్ బృందం స్కిల్లెట్ లిక్కర్స్ 1926 నుంచి కొలంబియాకు వాయించింది. ఒకటికి మించి ఫిడేళ్లు, గుడ్డివాడైన రైలీ పకెట్ గిటారు, మధ్యమధ్య అరుపులు. తిరణాలలో నిలబడి విన్నట్టుంటుంది. జనం మధ్య సంగీతం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇదే వినాలి. ఫిడేలు పనితనం గమనించాలంటే మాత్రం పనికిరాదు, ఏ ఫిడేలు ఎవరిదో తేలదు.

చార్లీ పూల్ దీనికి పూర్తిగా వేరు. నార్త్ కరోలినాలో బట్టల మిల్లు కార్మికుడు. 1925లో కొలంబియాకు చేసిన తొలి రికార్డు బాగా అమ్ముడైంది. బాంజోను గోటితో కొట్టడు, వేళ్లతో మీటుతాడు. ఫిడేలు, బాంజో, గిటారు మూడూ ఒకదాని మీద ఒకటి పడకుండా నడుస్తాయి. పాట ఇష్టపడేవాళ్లకు 78ల్లో నేను మొదట చెప్పే పేరు ఇదే. గొంతులో కరుకుదనం, ఒంటరితనం కావాలంటే వర్జీనియాలోని నార్టన్‌కు చెందిన బొగ్గుగని కార్మికుడు డాక్ బాగ్స్‌ను వినండి. 1927లో న్యూయార్క్ వెళ్లి బ్రన్స్‌విక్ కంపెనీకి పాడాడు. ఆయన బాంజో ఒక్కో స్వరం మీటుతూ గొంతును నీడలా వెంటాడుతుంది. అందరికీ నచ్చదు. నచ్చినవాళ్లు మాత్రం వదలరు.

ఇక బ్రిస్టల్. టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీదే ఉన్న ఆ ఊళ్లో 1927 జూలై 25 నుంచి ఆగస్టు 5 వరకు విక్టర్ కంపెనీ కోసం పీర్ చేసిన రికార్డింగులు కంట్రీ సంగీతానికి పుట్టినిల్లని పేరు పొందాయి. కార్టర్ కుటుంబం, జిమ్మీ రాడ్జర్స్ అక్కడే వెలుగులోకి వచ్చారు. ఈ పేరు చూసి బేర్ ఫ్యామిలీ కంపెనీ 2011లో తెచ్చిన ఐదు సీడీల పెట్టెను మొదటి కొనుగోలుగా ఎంచుకునేవాళ్లున్నారు. ఫిడేలు, బాంజో కోసమైతే వద్దంటాను. పీర్ ఆదాయం పాటల కాపీరైట్ మీద ఆధారపడింది. తాతల నాటి ఫిడేలు వరసను కొత్త పాటగా నమోదు చేసుకోవడం కష్టం కాబట్టి గొంతు ఉన్నవాళ్ల వైపే మొగ్గాడు. అందులో ఫిడేలు ముందుండే రికార్డులు తక్కువ. ఉన్నవాటిలో జె.పి. నెస్టర్ బాంజో, నార్మన్ ఎడ్మండ్స్ ఫిడేలు కలిసి చేసిన రెండు వైపులూ మాత్రం ఆణిముత్యాలు. మొత్తం పెట్టె కొనకుండా ఆ రెండూ వెతుక్కుని వినండి.

1952లో హ్యారీ స్మిత్ కూర్చి, ఫోక్‌వేస్ విడుదల చేసిన ఆంథాలజీ గురించి కూడా అడుగుతుంటారు. 84 రికార్డుల గొప్ప సంకలనం. కాకపోతే అందులో బ్లూస్, చర్చి పాటలు, లూసియానా సంగీతం కూడా కలిసి ఉంటాయి. అపలాచియా కోసమే వెళితే చాలా దాటుకుంటూ పోవాలి.

గ్రంథాలయం కోసం చేసినవి

అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1928లో జానపద పాటల విభాగం పెట్టింది. 1930లలో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ డిస్కుల మీద ధ్వనిని చెక్కే బరువైన యంత్రాలను కారులో వేసుకుని ఊళ్లు తిరిగారు. ఇక్కడ అమ్మకం బెడద లేదు. పాట లేకపోయినా పర్వాలేదు, ఒక్కడే వాయించినా పర్వాలేదు. కంపెనీలు పట్టించుకోని వయసు మళ్లినవాళ్లు, ఊరు దాటి వెళ్లనివాళ్లు ఇందులోనే దొరుకుతారు. లోటల్లా డిస్కులు లెక్కగా ఉండటం. రెండు మూడు చుట్లకే ఆగిపోయే వరసలు చాలా ఉన్నాయి. సరిగ్గా రుచి తెలిసేలోపే అయిపోతుంది.

వీటిలో మొదట వినాల్సింది 1937 అక్టోబరులో కెంటకీలోని సాలియర్స్‌విల్‌లో అలన్, ఆయన భార్య ఎలిజబెత్ లోమాక్స్ రికార్డు చేసిన విలియం స్టెప్ ఫిడేలు. ఆయన వాయించిన బోనపార్ట్స్ రిట్రీట్ అనే వరసను ఇతరులు నెమ్మదైన కవాతులా వాయిస్తారు. స్టెప్ దాన్ని పరుగెత్తించాడు. తీగలు పైన చెప్పిన స-స-ప-స శ్రుతిలో ఉంటాయి కాబట్టి కింది తీగ మొత్తం గదిని నింపేస్తుంది. రూత్ క్రాఫర్డ్ సీగర్ దాన్ని విని స్వరలిపిలో రాసి పుస్తకంలో అచ్చువేస్తే, అమెరికా శాస్త్రీయ సంగీతకర్త ఏరన్ కోప్లాండ్ 1942లో తన రోడియో బ్యాలేలో దాదాపు ఉన్నదున్నట్టు వాడుకున్నాడు. ఆర్కెస్ట్రా వెర్షన్ చాలామంది టీవీ ప్రకటనల్లో వినే ఉంటారు. రెండూ వెంటవెంటనే వింటే ఒక ఫిడేలులో ఉన్న ఊపు అంత పెద్ద ఆర్కెస్ట్రాలో ఎందుకు తగ్గిందో ఆలోచించాల్సి వస్తుంది. లోమాక్స్‌ల కెంటకీ రికార్డింగులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి.

గ్రంథాలయ రికార్డింగులను తప్పకుండా వినమనడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాయిద్యం. కొండల్లోని తెల్లవాళ్లకు అది నల్లవాళ్ల నుంచే వచ్చింది. 1920ల కంపెనీలు మాత్రం కేటలాగును రంగును బట్టి రెండుగా చీల్చాయి. నల్లవాళ్ల నుంచి బ్లూస్, చర్చి పాటలు కొన్నాయి. ఫిడేలు, బాంజో తెల్లవాళ్ల వాటాకు వెళ్లాయి. నల్లజాతి ఫిడేలు బృందాలకు చోటు దాదాపు దక్కలేదు. కాబట్టి 78లు మాత్రమే వింటే చరిత్ర తప్పుగా అర్థమవుతుంది. టెనెసీ కొండల అంచున మర్ఫ్ గ్రిబుల్ బాంజో, జాన్ లస్క్ ఫిడేలు, ఆల్బర్ట్ యార్క్ గిటారుతో సాగిన నల్లజాతి బృందాన్ని 1946లో లైబ్రరీ కోసం రికార్డు చేశారు. రౌండర్ కంపెనీ 1989లో ఆల్టమాంట్ పేరుతో విడుదల చేసిన ఆల్బంలో అవి ఉన్నాయి. గ్రిబుల్ బాంజో లయను విడగొట్టే తీరు మరే రికార్డులోనూ నాకు కనిపించలేదు. బాంజో కోసం ఒక్కటే వినే ఓపిక ఉంటే ఇదే వినండి.

ఇంట్లోవాళ్ల కోసం

ఎడ్ హేలీది ప్రత్యేకమైన కథ. వెస్ట్ వర్జీనియాలో పుట్టి కెంటకీలోని ఆష్‌లాండ్‌లో స్థిరపడిన అంధుడు. కోర్టుల ముందు, వీధుల్లో, జాతరల్లో వాయించి కుటుంబాన్ని పోషించాడు. భార్య ఎల్లాకూ చూపులేదు. ఆమె మాండొలిన్ వాయించేది. కంపెనీలు మోసం చేస్తాయన్న అనుమానంతో హేలీ వాటికి ఒక్క రికార్డు కూడా చేయలేదు. 1940ల మధ్యలో ఇంట్లోనే డిస్కులు చెక్కే యంత్రం తెచ్చి సవతి కొడుకు వాయింపజేశాడు. తర్వాత ఆ డిస్కులను పిల్లలు పంచుకున్నారు, చాలా పోయాయి. హేలీ 1951లో చనిపోతే, మిగిలినవాటి నుంచి తొలి ఆల్బం వచ్చింది 1976లో.

ధ్వని విషయంలో ఈ వ్యాసంలో చెప్పినవాటన్నిటికంటే అధ్వానం ఇదే. గరగర దట్టంగా ఉంటుంది. ఫిడేలు విద్వత్తులో మాత్రం హేలీకి సాటివాళ్లు తక్కువ. ప్రతి చుట్టులోనూ వరసను కొద్దిగా మార్చుతాడు, ఒకే కమాను కింద పొడవైన సంగతులు జారుస్తాడు. కీర్తనలో సంగతులు విని ఆనందించేవాళ్లు హేలీని వెంటనే పట్టుకుంటారు. కాకపోతే మొదటి వారంలోనే వద్దు. గరగరను చెవి దానంతట అది పక్కకు నెట్టడం నేర్చుకున్నాక వెళ్లండి.

టేపుల కాలం

1960లకు చేతిలో పట్టుకెళ్లే టేపు యంత్రాలొచ్చాయి. మూడు నిమిషాల గడియారం పోయింది. మాటలు, నవ్వులు, ఈ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పే కబుర్లు అన్నీ టేపు మీదికొచ్చాయి. వాయించేవాళ్లు ముసలివాళ్లు, వినేవాళ్లు నేర్చుకోవాలని వచ్చిన కాలేజీ కుర్రాళ్లు. దాంతో వాయింపు కొంచెం విడమరిచి చెబుతున్నట్టుంటుంది. కొత్తవాళ్లకు అది వరమే. కానీ యవ్వనంలో ఆ చేతులు ఎంత వేగంగా ఆడేవో ఈ టేపుల్లో తెలియదు.

హెన్రీ రీడ్ వర్జీనియాలోని గ్లెన్ లిన్ అనే చిన్న ఊరివాడు, 1884లో పుట్టాడు. డ్యూక్ యూనివర్సిటీలో చదువుతున్న అలన్ జబూర్ 1966, 67లలో ఆయన దగ్గరికి వెళ్లి టేపు చేశాడు. జబూర్ పాశ్చాత్య శాస్త్రీయ వయొలిన్ నేర్చుకున్నవాడు, తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ 184 రికార్డింగులూ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా వినొచ్చు. ఒక్కో వరస వెనక చరిత్ర, దాని శ్రుతి, కమాను తీరు గురించి జబూర్ రాసిన వివరణ ఉంటుంది. రీడ్ చిన్నప్పుడు క్విన్స్ డిల్లన్ అనే ముసలాయన దగ్గర నేర్చుకున్నాడు, ఆయన 1846-48 నాటి మెక్సికో యుద్ధ కాలం మనిషి. అంటే ఒక్క టేపులో దాదాపు నూటపాతికేళ్ల వెనక్కి వినిపిస్తుంది. రికార్డింగు వేళకు రీడ్‌కు ఎనభై దాటాయి, అక్కడక్కడ వేలు జారుతుంది. అయినా కమాను మీద పట్టు సడలలేదు.

టామీ జారెల్ నార్త్ కరోలినాలోని సర్రీ కౌంటీ మనిషి, రోడ్ల శాఖలో గ్రేడర్ నడిపి రిటైరయ్యాడు. 1982లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ అందుకున్నాడు. రౌండ్ పీక్ అని పిలిచే ఆ చుట్టుపక్కల బాణీలో ఫిడేలు, మెట్లు లేని బాంజో ఒకదానిలో ఒకటి చిక్కుకుని సాగుతాయి. ఫ్రెడ్ కాకర్‌హామ్ బాంజోతో కలిసి చేసిన రికార్డింగుల్లో ఇది బాగా తెలుస్తుంది. (ఆ బాంజో మెడ మీద వేలు జారడానికి అతికించింది ఫార్మైకా. మన వంటింటి సన్‌మైకా లాంటిదే.)

జారెల్‌ను వినడానికి ఇంకో మంచి పద్ధతుంది. ఆయన తండ్రి బెన్ జారెల్ 1927లో ఇండియానాలోని రిచ్‌మండ్ వెళ్లి, డా కోస్టా వోల్ట్జ్ బృందంతో కలిసి జెనెట్ కంపెనీకి రికార్డు చేశాడు. బృందంలో ఇంకో సభ్యుడు ఫ్రాంక్ జెంకిన్స్. 1968లో టామీ జారెల్, కాకర్‌హామ్‌లతో కలిసి కౌంటీ కంపెనీకి ఆల్బం చేసింది ఫ్రాంక్ కొడుకు ఆస్కార్ జెంకిన్స్. తండ్రులను 78 మీద, కొడుకులను ఎల్పీ మీద వినొచ్చన్నమాట. 78ల కాలపు వాయింపుకీ టేపుల కాలపు వాయింపుకీ ఎంత తేడా ఉంటుందో ఇంతకంటే బాగా చూపే జత నాకు తెలియదు. బాంజో వైపు నుంచి ఇలాంటిదే కావాలంటే వర్జీనియాలోని గేలక్స్ ప్రాంతానికి చెందిన వేడ్ వార్డ్ ఉన్నాడు. ఆయన్ను లోమాక్స్‌లు 1937లో డిస్కు మీద, 1959లో స్టీరియో టేపు మీద పట్టారు.

మరి దేనితో మొదలుపెట్టాలి?

కర్ణాటక ఫిడేలు విన్నవాళ్లు, ఎప్పుడైనా వాయించినవాళ్లు హెన్రీ రీడ్‌తో మొదలుపెట్టండి. ఎక్కువ భాగం ఒంటరి ఫిడేలే కాబట్టి కమాను నడక స్పష్టంగా వినిపిస్తుంది. పాట లేకపోతే చెవి నిలవదనుకునేవాళ్లకు చార్లీ పూల్. జానపదంలో డప్పు, దరువు ఇష్టపడేవాళ్లు నేరుగా జారెల్, కాకర్‌హామ్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ తర్వాత అందరూ స్టెప్, గ్రిబుల్ వైపు తిరగండి. హేలీని చివరికి ఉంచుకోండి. వాయించడం నేర్చుకునేవాళ్లకు టేపులు తప్ప నేను వేరే ఏవీ చెప్పను. 78ల వేగం నమ్మలేం. రికార్డు చేసినప్పుడు ప్లేటు సరిగ్గా 78 చుట్లు తిరగకపోతే ఇప్పుడు వినే శ్రుతి అరస్వరం అటో ఇటో జరిగిపోతుంది. ఆ రికార్డుతో కలిసి వాయించడానికి కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఒకే రికార్డుకు రెండు మూడు డిజిటల్ ప్రతులు దొరికితే గరగర కొంచెం ఉన్నదాన్నే ఎంచుకోండి. కమాను తీగను రాసే శబ్దం, బాంజో మీద గోరు తగిలే టక్కుమనే శబ్దం ఉండేది పైస్థాయి ధ్వనుల్లోనే. గరగర కూడా అక్కడే ఉంటుంది. ఒకదాన్ని కడిగేస్తే రెండోది కూడా పోతుంది. బాగా శుభ్రం చేసిన ప్రతిలో ఫిడేలు మొద్దుబారి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఫోను స్పీకర్లో మాత్రం వినకండి, బాంజో కింది తీగ అసలు పలకదు. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. 78లన్నీ మోనోయే కాబట్టి ఖరీదైనవి అక్కర్లేదు.

షార్లెట్, రాలీ, కేరీల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. చాపెల్ హిల్ యూనివర్సిటీలోని సదరన్ ఫోక్‌లైఫ్ కలెక్షన్ దగ్గరే. జారెల్ సొంత ప్రాంతమైన మౌంట్ ఎయిరీకి కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. 1935లో మొదలైన గేలక్స్ ఫిడేలు పోటీలు ఏటా ఆగస్టులో జరుగుతాయి. వేదిక దగ్గరకంటే పార్కింగులో, గుడారాల మధ్య వాయించేవాళ్ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. మౌంట్ ఎయిరీలో 1948 నుంచి నడుస్తున్న డబ్ల్యూపీఏక్యూ రేడియో ఇప్పటికీ ఈ సంగీతం వేస్తోంది. ఇండియాలో ఉన్నవాళ్లు కూడా ఇంటర్నెట్‌లో వినొచ్చు.